ఇంటి సబ్బులో సుగంధ తైలం: ఎంత వేయాలి, ఎక్కడ వేయరాదు

బళ్ళారిలో కౌల్ బజారు వైపు గాని, బ్రూస్‌పేట వైపు గాని ఏ కిరాణా అంగడి ముందు నిలబడినా పాలవలె తెల్లని ఫినాయిల్ సీసాలు వరుసగా కనబడతాయి. కొన్ని పెద్ద సంస్థల పేర్లతో వచ్చినవి. మరికొన్ని ఇళ్ళలో కలిపి, పాత నీళ్ళ సీసాలలో నింపి తెచ్చినవి. స్వయం సహాయక సంఘాల శిక్షణలలో ఫినాయిల్, సబ్బు, గిన్నెలు తోమే ద్రవం తయారుచేయడం ఇప్పుడు మామూలు పాఠమైపోయింది. అమ్మకం కోసమే కాక ఇంటి వాడుకకు కూడా చాలామంది వీటిని సొంతంగా చేసుకుంటున్నారు. నిమ్మగడ్డి నూనె, నీలగిరి తైలం, లవంగ నూనె, కర్పూరం వీటిలో చేరే పరిమళ ద్రవ్యాలు. అంగడి రసాయనాలకంటె ఇవి మేలని, వాసన ఘాటుగా ఉంటే క్రిములు చచ్చినట్లేనని ఒక నమ్మకం పాతుకున్నది. ఆ నమ్మకంలో మొదటి సగం కొంతవరకు నిజం. రెండవ సగం మాత్రం ఇంటిని మురికిగా ఉంచుతుంది, ఒక్కొక్కప్పుడు పసిపిల్లల ప్రాణం మీదికి తెస్తుంది.

సుగంధ తైలం అంటే ఏమిటో మొదట తేల్చుకోవాలి. వాడుకలో అన్నిటినీ నూనె అనే అంటాము గాని, కొబ్బరినూనె, ఆముదం, వేపనూనె ఒక జాతి; నిమ్మగడ్డి నూనె, నీలగిరి తైలం, లవంగ నూనె వేరొక జాతి. మొదటి జాతివి గింజలను గానుగ పట్టితే వచ్చే స్థిరమైన కొవ్వులు. రెండవ జాతివి ఆకుల, పువ్వుల, కలప పొరలలో దాగి ఉండి, ఆవిరితో బట్టీ పట్టినప్పుడు బయటికి వచ్చే ఆవిరయ్యే గుణం గల ద్రవాలు. తేడా తెలుసుకొనడానికి ఒక తెల్ల కాగితం చాలు. దానిమీద రెండు చుక్కలు వేసి ఎండలో పెడితే, అసలైన సుగంధ తైలం కొంతసేపటికి ఎగిరిపోయి మరక దాదాపుగా మిగలదు. కొబ్బరినూనె అయితే కాగితం జిడ్డుగా, వెలుతురు కనబడేటట్లు ఉండిపోతుంది. అంగడిలో తక్కువ వెలకు దొరికే ‘నిమ్మగడ్డి నూనె’ ఈ పరీక్షలో జిడ్డు మరక మిగిల్చితే, అందులో చవక నూనె కలిపారని అర్థం. సన్నని నూనెలతో చేసిన కల్తీ దీనికి చిక్కకపోవచ్చు.

ఈ సరిహద్దు జిల్లాలో ఒకే వస్తువుకు మూడు పేర్లు ఉండడం కొత్త సంగతి కాదు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు పోయి, బళ్ళారి మైసూరులో చేరినా, సంతలో మాటలు మాత్రం ఎల్లలు దాటుతూనే ఉన్నాయి. తెలుగువారి నిమ్మగడ్డి కన్నడిగులకు మజ్జిగె హుల్లు. మన కుంకుడుకాయ వారికి అంటువాళ, ఉర్దూ మాట్లాడేవారికి రీఠా. కొనేటప్పుడు పేరొకటి చెప్పి సరుకొకటి తెచ్చుకునే ప్రమాదం వంటకంలో పెద్దది కాదు గాని, తైలాల విషయంలో పెద్దదే. లవంగ నూనెకు, నిమ్మగడ్డి నూనెకు వాడవలసిన మోతాదులలో తేడా ఉంటుంది.

వంద కిలోల పచ్చి నిమ్మగడ్డిని బట్టీ పడితే సుమారుగా అర కిలో తైలం వస్తుంది. అంటే ఒక చిన్న సీసాలో మోపులకొద్దీ గడ్డి సారం ఇమిడి ఉన్నది. పెరటిలోని ఆకును టీలో వేసుకొన్నంత నిర్భయంగా ఆ సీసాను వాడరాదనడానికి ఇదొక్కటే చాలినంత కారణం.

మన రాష్ట్రంలో సబ్బుకూ తైలానికీ గల సంబంధాన్ని ఒక పద్ధతిగా పట్టించుకొన్నవారు మైసూరు సంస్థానంవారు. మొదటి ప్రపంచ యుద్ధం వలన గంధపు చెక్క ఎగుమతి నిలిచిపోయి నిల్వలు పేరుకొనిపోగా, చెక్కను కాక తైలాన్నే అమ్ముదామని నాల్వడి కృష్ణరాజ ఒడెయరు కాలంలో, విశ్వేశ్వరయ్య దివానుగా ఉండగా, 1916లో మైసూరులో గంధపు తైలం కర్మాగారం పెట్టారు. తైలం తీసే విధానాన్ని బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో సడ్‌బరో, వాట్సన్ అనే ఆచార్యులు పరిశీలించి కుదిర్చారు. సబ్బు పరిశ్రమను నేర్చుకొని రమ్మని సోసలె గరళపురి శాస్త్రిని ఇంగ్లండుకు పంపారు. ఆయన తిరిగివచ్చిన తరువాత 1918లో బెంగళూరులో మైసూరు శాండల్ సబ్బు మొదలైంది. ఒక సబ్బు బిళ్ళ కోసం ఒక శాస్త్రజ్ఞుణ్ణి సముద్రం దాటించడం ఈనాడు వింతగా తోచవచ్చు. కాని సబ్బులోని క్షారం చాలా పరిమళాలను చెడగొడుతుంది. గంధపు తైలం ఆ క్షారానికి తట్టుకొని నిలిచే కొద్దివాటిలో ఒకటి. ఏ తైలం సబ్బులో నిలుస్తుంది, ఎంత వేస్తే చాలు అన్న ప్రశ్నలు ఇంటి వంటగదిలో సబ్బు పోసుకొనేవారికీ అవే.

పరిమళం చేసే పని, సబ్బు చేసే పని

మురికి అంటే చాలావరకు జిడ్డు, దానికి అంటుకొన్న దుమ్ము, ఆ రెండింటిలో నివసించే సూక్ష్మజీవులు. వీటిని నేలనుంచి, గిన్నెనుంచి ఊడదీసేది సబ్బు, నీరు, రుద్దడం. సుగంధ తైలానికి ఈ పనిలో భాగం చాలా స్వల్పం. లవంగ నూనెలోని యూజెనాల్, వాము తైలంలోని థైమాల్, నిమ్మగడ్డిలోని సిట్రాల్ ప్రయోగశాలలో సూక్ష్మజీవులను అణచుతాయన్నది నిజమే. కాని ఆ పరీక్షలలో వాడేది అర శాతం, ఒక శాతం వంటి గాఢతలు. ఇంటిలో జరిగేది వేరు. ఇరవై చుక్కలు కలిస్తే సుమారు ఒక మిల్లీలీటరు. ఒక లీటరు నీటిలో పది చుక్కలు వేస్తే వచ్చేది 0.05 శాతం మాత్రమే. ఆ కాస్తా నీటిలో కరగదు, పైన తేలుతుంది. గుడ్డ ముంచినప్పుడు మొదట తడిసిన చోట అంతా అంటుకొని, మిగిలిన నేలకు వట్టి నీరే దక్కుతుంది.

తెల్ల ఫినాయిల్ రంగు కూడా ఇటువంటి భ్రమే కలిగిస్తుంది. పైన్ తైలాన్ని ఒక సబ్బు వంటి పదార్థంతో కలిపి నీటిలో పోసినప్పుడు, తైలం లెక్కలేనన్ని సన్నని బిందువులుగా చెదరి వెలుతురును వెదజల్లడం వలన ఆ తెలుపు వస్తుంది. ఎంత తెల్లగా ఉంటే అంత శక్తి అనుకోవడానికి ఆధారం లేదు. కొద్దిపాటి తైలంతోనూ, బాగా చెదరగొట్టే పదార్థంతోనూ పాలవంటి తెలుపు తెప్పించవచ్చు. కలిపి అమ్మేవారిలో కొందరికి ఈ కిటుకు బాగానే తెలుసు.

నిజంగా క్రిములను చంపవలసిన సందర్భాలు ఇంటిలో కొన్నే ఉంటాయి. వాంతి, విరేచనాలతో పడకలో ఉన్నవారి గది, వారి మరుగుదొడ్డి, చంటిపిల్లల మలం పడిన చోటు అటువంటివి. అక్కడ పరిమళాన్ని నమ్ముకొనరాదు. ముందు సబ్బునీటితో కడిగి, తరువాత లీటరు నీటికి మూడు గ్రాముల తాజా బ్లీచింగ్ పొడి కలిపి, తేరిన నీటిని పూసి పది నిమిషాలు ఉంచి కడగాలి. 33 శాతం క్లోరిన్ గల పొడి అయితే ఇది 0.1 శాతం ద్రావణం అవుతుంది. ఈ నీటిలో వాసన కోసం తైలం గాని, ఫినాయిల్ గాని కలపరాదు. మరుగుదొడ్డికి వాడే యాసిడ్ అసలే కలపరాదు. యాసిడ్, బ్లీచింగ్ కలిసిన క్షణంలో క్లోరిన్ వాయువు లేస్తుంది. కిటికీ లేని చిన్న స్నానపుగదిలో అది ఊపిరితిత్తులను కాల్చుతుంది.

బోరు నీరు, ఎర్ర దుమ్ము, నాపరాయి

శుభ్రపరచే ద్రవాల తయారీ విధానాలు చాలావరకు వేరే ప్రాంతాల నీటిని, నేలను దృష్టిలో పెట్టుకొని రాసినవి. మన పరిస్థితులు వేరు. బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉన్న వీధులలో మామూలు సబ్బు నురుగు రాకముందే విరిగి, తెల్లని తెట్టుగా మారి బకెట్టు అంచుకు అంటుకొంటుంది. మన పెద్దలు ఈ చిక్కును రెండు విధాల దాటారు. చాకలివారు చౌడు మన్ను వాడారు. అందులోని సోడా నీటి గరుకుదనాన్ని తగ్గించి జిడ్డును కరిగిస్తుంది. సిరుగుప్ప వైపు ఆయకట్టు పొలాలలో రైతుకు శత్రువైన చౌడే రేవులో బట్టలకు మిత్రమైంది. ఇక ఇళ్ళలో కుంకుడుకాయ వాడారు. కుంకుడు నురుగు సబ్బు జాతిది కాదు గనుక గరుకునీటిలోనూ తెట్టు కట్టదు. ఈ ఒక్క గుణం వలన బళ్ళారి వంటి చోట ఇంటి ద్రవానికి కుంకుడురసమే సరైన పునాది.

గింజలు తీసిన వంద గ్రాముల కుంకుడు పెంకులను లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి, ఉదయం పావుగంట ఉడికించి, చల్లారిన తరువాత పిసికి వడకట్టాలి. ఐదు మిల్లీలీటర్ల నిమ్మగడ్డి తైలాన్ని నేరుగా ఇందులో పోయకూడదు. ముందు ఇరవై, ఇరవై ఐదు మిల్లీలీటర్ల గిన్నెలు తోమే ద్రవంలో తైలాన్ని బాగా కలిపి, ఆ ముద్దను కుంకుడురసంలో పోసి చిలికితే తైలం అంతటా సమంగా చెదరుతుంది. అర బకెట్టు, అంటే ఐదు లీటర్ల నీటికి ఈ ద్రవం వంద మిల్లీలీటర్లు చాలు. లెక్క వేసి చూస్తే ఆ బకెట్టులో తైలం పదివేలవ వంతే. గదికి హాయైన వాసన ఇవ్వడానికి అది సరిపోతుంది. అంతకుమించి దానినుంచి ఆశించవలసినది లేదు. తుడిచిన తరువాత లేతరంగు టైల్స్‌ను ఒకసారి మంచినీటితో తుడవకపోతే కుంకుడు చాయ మిగులుతుంది. ఈ రసం వేసవిలో రెండు మూడు రోజులకు పులుస్తుంది. తైలం వేసినంత మాత్రాన పులియకుండా ఆగదు. వారానికి సరిపడా ఒకేసారి కలిపి పెట్టుకోవడం కంటె రెండు రోజులకు ఒకసారి కాచుకోవడమే మేలు. కుంకుడు కంటిలో పడితే మండే మంట ఇక్కడ ఎవరికీ చెప్పనవసరం లేదు.

సండూరు కొండల వైపునుంచి ఇనుప ఖనిజం లారీలు తిరిగే దారుల పక్క ఇళ్ళలో నేలమీద చేరే ఎర్రదుమ్ము ఇనుము తుప్పువంటిదే. ఏ తైలమూ దానిని కరిగించదు. పొడి చీపురుతో ఊడిస్తే అది లేచి గాలిలో కలిసి ఊపిరితోపాటు లోపలికి పోతుంది. తడిగుడ్డతో ముందు అద్ది తీసి, తరువాతనే సబ్బునీరు పెట్టాలి. బట్టలమీద, తెల్ల సిరామిక్ తొట్ల మీద మిగిలిన ఎర్ర మరకకు అంగడిలో దొరికే నిమ్మ ఉప్పు కొంత పనిచేస్తుంది.

అయితే అదే నిమ్మ ఉప్పు, నిమ్మరసం, వెనిగర్ నేలమీద పోసే ముందు ఆ నేల ఏ రాతిదో చూడాలి. ఈ ప్రాంతపు పాత ఇళ్ళలో ఎక్కువగా పరచినవి కడప బండలు, షాబాదు నాపరాళ్ళు. ఇవి రెండూ సున్నపురాయి జాతివి. పులుపు తగిలితే పొంగి, పైపొర తినివేయబడి, మెరుపు పోయి గరుకుగా మారతాయి. గరుకైన రాయిలో మురికి మరింతగా చేరుతుంది. ‘సహజమైన’ వెనిగర్‌తో నెలల తరబడి తుడిచి, బండలు పాలిపోయిన తరువాత సిమెంటు మేస్త్రీని పిలిపించిన ఇళ్ళు ఉంటాయి.

పులుపును గురించి ఇంకొక మాట. వంటసోడా, వెనిగర్ కలిపితే బుసబుస పొంగే దృశ్యం చూడముచ్చటగా ఉంటుంది. కాని ఆ పొంగులో క్షారం, ఆమ్లం ఒకదానినొకటి చంపుకొంటాయి. మిగిలేది దాదాపుగా ఉప్పునీరు వంటిది. సబ్బునీటిలో నిమ్మరసం పిండినా అంతే. సబ్బు విరిగి మళ్ళీ కొవ్వుగా మారి పెరుగు తరకలవలె తేలుతుంది. పైన నిమ్మ వాసన మాత్రం కమ్మగా ఉంటుంది. ఆ వాసనే మోసం.

సబ్బు పోసేవారికి

సబ్బు చేయడానికి రెండు దారులు. శిక్షణలలో ఎక్కువగా నేర్పేది మొదటిది: తయారుగా దొరికే సబ్బు ముద్దను కరిగించి అచ్చులలో పోయడం. సోప్ బేస్ పేరుతో ఇది దొరుకుతుంది. కిలో ముద్దకు పది, పదిహేను మిల్లీలీటర్ల తైలం చాలు. ముద్ద పొయ్యిమీద కుతకుతలాడుతుండగా తైలం పోస్తే పరిమళం ఇంటినిండా వ్యాపిస్తుంది గాని సబ్బులో నిలవదు. దించి కొంత చల్లారనిచ్చి, గట్టిపడకముందే కలపాలి.

రెండవది నూనెను కాస్టిక్ సోడాతో కలిపి మొదటినుంచి సబ్బు చేయడం. ఇది తూకం మీద నడిచే పని. చేతి అంచనా, గ్లాసు కొలత దీనికి పనికిరావు. ఒక గ్రాము కొబ్బరినూనె పూర్తిగా సబ్బుగా మారడానికి సుమారు 0.183 గ్రాముల కాస్టిక్ సోడా కావాలి. అర కిలో నూనెకు 91 గ్రాములకు కొంచెం పైన అవుతుంది. చర్మానికి క్షారం మిగలకుండా ఐదు శాతం తగ్గించి 87 గ్రాములు వేయడం ఆచారం. ఇంతవరకు ఎవరైనా పాటిస్తారు. చిక్కు వచ్చేది మరొక చోట. అనంతపురం, బళ్ళారి మెట్టసీమలో వేరుశనగ పంట గనుక కొబ్బరినూనె ఖరీదని వేరుశనగ నూనె పోద్దామన్న ఆలోచన సహజంగా వస్తుంది. కాని వేరుశనగ నూనె గ్రాముకు అడిగే సోడా సుమారు 0.136 గ్రాములే. అర కిలోకు 68 గ్రాములు మించదు. కొబ్బరినూనె లెక్కతో 87 గ్రాములు పోస్తే దాదాపు 19 గ్రాముల కాస్టిక్ సోడా సబ్బులో అలాగే మిగిలిపోతుంది. ఆ బిళ్ళ చూడడానికి మామూలుగానే ఉంటుంది, నిమ్మగడ్డి వాసన కూడా వేస్తుంది. ఒంటికి రాసుకొన్నప్పుడే చర్మం కాలి తెలుస్తుంది. నూనె మారినప్పుడల్లా లెక్క మారాలి. రెండు మూడు నూనెలు కలిపితే ఒక్కొక్కదానికి వేరుగా లెక్క కట్టి కూడాలి. ఒక గ్రాము తేడా చూపే ఎలక్ట్రానిక్ తూకం లేని ఇంట ఈ పని మొదలుపెట్టరాదు.

కాస్టిక్ సోడాను నీటిలో వేయాలి. నీటిని సోడా మీద పోయరాదు. అలా పోస్తే ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. 87 గ్రాముల సోడాకు రెండు వందల మిల్లీలీటర్ల చల్లని నీరు తీసుకొని, కొద్దికొద్దిగా వేస్తూ స్టీలు గరిటెతో కలపాలి. ఇళ్ళలో సిల్వరు గిన్నె అని పిలిచే అల్యూమినియం పాత్ర ఇందుకు పనికిరాదు. సోడా ఆ లోహాన్ని తినివేసి, మండే గుణం గల హైడ్రోజన్ వాయువును వదులుతుంది. చేతులకు రబ్బరు తొడుగులు, కళ్ళకు అద్దాలు ఉండాలి. పిల్లలు ఇంటిలో లేని వేళ చూసుకోవాలి. మీద పడితే వెనిగర్ కోసం వెతకకుండా వెంటనే ధారగా నీరు పోస్తూ కనీసం పావుగంట కడగాలి. కంటిలో పడితే కడిగిన వెంటనే ఆసుపత్రికి పోవాలి.

సోడా నీరు, నూనె రెండూ గోరువెచ్చగా ఉన్నప్పుడు కలిపి చిలకాలి. చేతితో చిలికితే అరగంట, గంట పట్టవచ్చు. మిశ్రమం పలుచని జావవలె చిక్కబడి, గరిటెతో పోసిన ధార పైన గీతగా నిలిచిన సమయంలోనే తైలం కలపాలి. అర కిలో నూనెకు పది గ్రాములు చాలు. పదిహేను మించితే చర్మానికి మంచిది కాదు. నిమ్మగడ్డి, రూసా గడ్డి తైలాలు సబ్బులో బాగా నిలుస్తాయి. రూసా గడ్డి గులాబీని తలపించే వాసన ఇస్తుంది. గులాబీ తైలం కొనలేని సబ్బు తయారీదారులను చాలాకాలంగా ఆదుకొన్నది అదే. నారింజ, నిమ్మ తొక్కల తైలాలు మాత్రం కొన్ని వారాలలోనే వాసన కోల్పోతాయి. లవంగ నూనె ఒకటి రెండు గ్రాములకు మించరాదు. అది చర్మాన్ని మండించడమే కాక మిశ్రమాన్ని క్షణాలలో గట్టిపరచి అచ్చులో పోయనివ్వదు. దాల్చినచెక్క తైలాన్ని కొత్తవారు ముట్టకపోవడమే మంచిది.

వట్టి కొబ్బరినూనె సబ్బు మరునాటికే కోయడానికి వస్తుంది. కోసిన బిళ్ళలను గాలి ఆడే నీడలో నాలుగు వారాలైనా ఆరనివ్వాలి. ఆ తరువాత తడిపి పీహెచ్ కాగితం పెట్టి చూస్తే తొమ్మిది, పది మధ్య ఉండాలి. పదకొండు దాటితే దానిని ఒంటికి వాడరాదు. ఈ సబ్బు మురికిని గట్టిగానే లాగుతుంది గనుక గిన్నెలకు, బట్టలకు బాగుంటుంది. స్నానానికి కొందరి చర్మం పొడిబారుతుంది.

అమ్మకానికి చేసేవారు ఒక సంగతి తెలుసుకొనాలి. 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం మొదట సబ్బును తన పరిధినుంచి విడిచిపెట్టినా, 1982 సవరణతో ఆ మినహాయింపు పోయింది. 2020 కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం స్నానపు సబ్బును అమ్మకానికి తయారుచేయడానికి రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారుల లైసెన్సు కావాలి. ప్యాకెట్టు మీద తయారీదారు పేరు, బరువు, ధర, తయారైన నెల ఉండాలి. నేల తుడిచే ద్రవం మీద ‘క్రిములను చంపును’ అని అచ్చువేయడం తేలిక, దానిని పరీక్షలో రుజువు చేయడం కష్టం. ‘నేల శుభ్రం చేయు ద్రవం’ అన్న మాట సరిపోతుంది.

పిల్లలున్న ఇల్లు

ఒక చెంచా నీలగిరి తైలం, అంటే ఐదు మిల్లీలీటర్లు, మింగితే చిన్న పిల్లలు స్పృహ తప్పవచ్చు, మూర్ఛలు రావచ్చు. అంతకంటె తక్కువకే లక్షణాలు కనబడిన సందర్భాలున్నాయి. కర్పూరం ఇంకా ప్రమాదకరం. ఒక గ్రాము మింగడం పసిపిల్లలకు ప్రాణాంతకం కావచ్చు. దేవుని గూటిలో హారతి బిళ్ళలు చక్కెర బిళ్ళలవలె తెల్లగా, చేతికి అందే ఎత్తులో ఉంటాయి. ఈ రెండు పదార్థాలను మింగడమే కాక, పీల్చడం, ఒంటికి రాయడం వలన కూడా కొందరికి మూర్ఛలు వస్తున్నాయని బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల నరాల వైద్యులు దక్షిణ భారత ఆసుపత్రులలో నాలుగేళ్ళపాటు రోగులను గమనించి 2021లో ప్రచురించారు. ఇంటిలో మూర్ఛవ్యాధి ఉన్నవారు గాని, గతంలో జ్వరంతో ఫిట్సు వచ్చిన పిల్లలు గాని ఉంటే, నేల తుడిచే ద్రవంలో నీలగిరి, కర్పూరం బదులు నిమ్మగడ్డి వాడుకోవచ్చు, లేదా ఏ వాసనా లేకుండా వదిలేయవచ్చు. ఉబ్బసం ఉన్నవారికి ఏ ఘాటైన పరిమళమైనా ఆయాసం తెప్పించవచ్చు. పిల్లుల కాలేయం ఈ తైలాలను సరిగా విసర్జించలేదు. అవి తడి నేలమీద నడిచి పాదాలు నాకుతాయి గనుక నేల ఆరేవరకు దూరంగా ఉంచాలి.

దోమల కోసం నిమ్మగడ్డి, సిట్రొనెల్లా తైలాలు వాడేవారున్నారు. అవి దోమను కొద్దిసేపు దూరంగా ఉంచుతాయి. గంట, రెండు గంటల తరువాత ఆ ప్రభావం పోతుంది. డెంగీ దోమ పెరిగేది నీళ్ళ డ్రమ్ములో, కూలర్ తొట్టిలో. కుళాయి నీరు రోజూ రాని వీధులలో డ్రమ్ములు తప్పవు గనుక, వారానికి ఒకసారి వాటిని ఖాళీ చేసి లోపలి గోడలను పీచుతో రుద్ది ఆరబెట్టి మూతపెట్టాలి. గుడ్లు ఆ గోడలకే అంటుకొని ఉంటాయి. తైలం చుక్కలు ఆ పని చేయవు.

తైలాల సీసాలు ముదురు రంగు గాజువై, చల్లని చీకటి చోట, తాళం గల అల్మారాలో ఉండాలి. పలుచని ప్లాస్టిక్‌ను ఇవి మెత్తబరుస్తాయి. ఇవి మండే ద్రవాలు కూడా. ఏప్రిల్, మే ఎండలలో కిటికీ పక్కన గాని, గ్యాసు పొయ్యి దగ్గర గాని పెట్టరాదు. ఫినాయిల్‌ను, ఇంటిలో కలిపిన ద్రవాన్ని శీతల పానీయాల సీసాలలో పోయడం ఈ నగరంలో అన్నిటికంటె చెడ్డ అలవాటు. పాలవంటి తెలుపు, నిమ్మ వాసన, తెలిసిన సీసా: మూడేళ్ళ పిల్ల చేయి చాపడానికి ఇంతకంటె ఏమి కావాలి? వేరే ఆకారపు సీసా, దానిమీద తెలుగు, కన్నడం, ఉర్దూ మూడింటిలో పేరు, చదువురాని వారికోసం ఎర్రరంగు పట్టీ ఉంటే చాలా ప్రమాదాలు గుమ్మం దగ్గరే ఆగిపోతాయి.

పిల్లలు తాగినట్లు అనుమానం వస్తే గొంతులో వేలుపెట్టి, ఉప్పునీరు తాగించి కక్కించకూడదు. తైలం కడుపులో ఉన్నప్పటికంటె కక్కేటప్పుడు ఊపిరితిత్తులలోకి జారితే ఎక్కువ హాని చేస్తుంది. పాలు, నూనె, పెరుగు పట్టించవద్దు. నోరు కడిగి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, వెంటనే 108కి ఫోన్ చేయాలి. పిల్ల ఆడుకొంటున్నదని, ఏమీ కాలేదని ఇంటివద్ద కాచుకొని కూర్చోరాదు. నీలగిరి, కర్పూరం మూర్ఛలు కొద్ది నిమిషాలలోనే రావచ్చు. తాగిన సీసాను, మిగిలిన ద్రవంతో సహా, ఆసుపత్రికి వెంట తీసుకొనిపోవాలి. పైన చీటీ లేకపోయినా, వాసన చూసి వైద్యులు కొంతవరకు పోల్చుకోగలరు.